నా ముఖాన దిష్టిచుక్క

నేను ఒక వేలాడే కాంటాను. కూరగాయల బండి మీద కూర్చునే కాంటాను కాదు, పత్తి మిల్లులో నేల మీద పరుచుకుని పడుకునే కాంటానూ కాదు. పైన ఒక కొక్కెం, కింద ఒక కొక్కెం, మధ్యన పళ్లెమంత గుండ్రని ముఖం, ఆ ముఖం మీద ఒకే ఒక్క ముల్లు. ఇదీ నా అందం. కింది కొక్కేనికి నిక్కరు ఆకారంలో కుట్టిన గుడ్డ జోలె తగిలిస్తారు. అందులో పసిపిల్లల కాళ్లు దూర్చి వదిలేస్తారు. వాళ్లు గాలిలో తేలతారు, నేను గిర్రున తిరుగుతాను, ఇద్దరికీ కళ్లు తిరుగుతాయి. నా ఉద్యోగం ఇదే. జీతం లేదు గానీ ఇంత సరదా అయిన ఉద్యోగం లోకంలో ఇంకొకటి ఉంటుందని నేను అనుకోను.

ఏదో పట్నం చివర రేకుల షెడ్డులో పుట్టాను. కడుపులో స్ప్రింగు పెట్టి మూత బిగించాక ఒక మేస్త్రీ నాకు ఇనప గుండ్లు తగిలించి చూశాడు. ముల్లు ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. "భేష్" అని నా వీపు మీద చరిచాడు. నాతోపాటు పుట్టిన వాళ్లలో కొందరు చేపల మార్కెట్టుకు వెళ్లారు, కొందరు పాత ఇనప సామాన్ల కొట్లకు వెళ్లారు. నన్ను మాత్రం పసిపిల్లల కోసమని విడిగా తీసి అట్టపెట్టెలో పెట్టారు. నాకు కళ్లు నెత్తికెక్కాయి. తరువాత మొట్టమొదటి పిల్లవాడు జోలెలో కూర్చున్న మరుక్షణమే వెచ్చగా ఒంటేలు పోసేసరికి అవి మళ్లీ వాటి చోటికి వచ్చాయి.

నిజామాబాద్ వైపు ఒక బీడీల ఊరికి నన్ను పంపారు. ఆ ఊళ్లో ఏ అరుగు మీద చూసినా ఒక ఆడమనిషి, ఆమె ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. నోటి దారిన మాట పోతూనే ఉంటుంది, వేళ్ల దారిన బీడీ పోతూనే ఉంటుంది. ఊరి మధ్యన అద్దె గదిలో అంగన్‌వాడీ ఉండేది. సుగుణ టీచర్ చదువూ తూకాలూ చూసేది, కళావతి ఆయమ్మ వంట చూసేది. రోజూ మధ్యాహ్నం గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ అక్కడే కూర్చోబెట్టి అన్నం, పప్పు, కూర, గుడ్డు, పాలు పెట్టేవారు. నెలకోసారి పిల్లల తూకం.

ఫ్యాన్ బిగిద్దామని ఇంటి యజమాని ఎప్పుడో దూలానికి ఒక కొక్కెం వేయించాడట. ఫ్యాన్ రాలేదు, నేను వచ్చాను. ఎండాకాలంలో లోపలికి వచ్చిన ప్రతి మనిషీ తలెత్తి నా వైపు ఆశగా చూసి, నేను ఎవరినో తెలిశాక నిట్టూర్చేవాళ్లు. నేనేం చేయను? వీలైనప్పుడల్లా నా శక్తి కొద్దీ తిరిగేదాన్ని.

మనుషుల సంగతి ఒకటి నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఇదే ఊరివాళ్లు మార్కెట్టు యార్డులో పసుపు బస్తా కాంటా మీదికి ఎక్కుతుంటే ముల్లు ఇంకాస్త జరగాలని ఊపిరి బిగబట్టి దేవుళ్లకు మొక్కుతారు. సొంత బిడ్డను తూకం వేస్తామంటే మాత్రం చీర కొంగులో దాచేస్తారు. తూకం వేస్తే పిల్లకు దిష్టి తాకుతుందట! నా అంత అమాయకమైన ముఖంలో దిష్టి ఎక్కడుందో నాకైతే కనిపించలేదు.

అలా దాచినవాళ్లలో అందరికంటే గట్టిది లింబవ్వ. పక్క గల్లీలో ఉండేది. కొడుకు ట్రాలీ ఆటో నడిపేవాడు, కోడలు జమున బీడీలు చేసేది. జమున కూతురి పేరు హన్విక. ఆ పేరు నోరు తిరగక లింబవ్వ మనవరాలిని 'బంగారీ' అనేది. లింబవ్వ గొంతు ఎలాంటిదంటే, ఆమె గల్లీ చివర మాట్లాడితే ఇక్కడ నా స్ప్రింగు అదిరేది. జమునను భోజనానికి, పిల్లను తూకానికి పంపమని సుగుణ టీచర్ అడగడానికి వెళ్లినప్పుడల్లా వచ్చే జవాబు నాకు ఇక్కడికే వినబడేది.

"మా కోడలు సర్కారు బువ్వ తినుడేంది టీచరమ్మా? మా ఇంట్ల పొయ్యి మండుతలేదా? నలుగురు జూస్తె ఏమనుకుంటరు?"

"అందరు తింటున్నరు గదా అవ్వా. పాలిచ్చే తల్లి..."

"అందరు వేరు, మేము వేరు. ఇగ తూకమంటవా? అది మేకపిల్లనా తూకమెయ్యడానికి?"

సుగుణ టీచర్ విసుగు ఎరుగని మనిషి. వెళ్తూనే ఉంది, అడుగుతూనే ఉంది. చివరికి దసరా వెళ్లిన వారం లింబవ్వ ఒక షరతు మీద దిగివచ్చింది. తూకానికి పిల్లను తెస్తుంది. కానీ పిల్ల ఒంటి మీది వెండి ఒక్కటి కూడా తీయదు. పదిమంది కళ్ల ముందు వెండి తీసి పిల్లను వేలాడదీస్తే దిష్టి తాకకుండా ఉంటుందా? పిల్ల రావడమే పెద్ద గెలుపు అనుకుంది టీచర్. వెండి ఎంత తూగుతుందిలే అని సరేనంది.

ఇక ఆ రాక చూడాలి! పిల్ల కనిపించక ముందే చప్పుడు వినిపించింది. నడుముకు వెండి మొలతాడు, దానికి రావిరేక, మెడలో తాయెత్తు, కాళ్లకు మువ్వల కడియాలు. దేవుడి ఊరేగింపు దారి తప్పి అంగన్‌వాడీలోకి వచ్చిందా అనిపించింది. జోలెలో కూర్చోబెట్టగానే హన్విక తలెత్తి నా ముఖంలోకి చూసింది. చాలామంది పిల్లలు నన్ను చూసి గుక్కపెడతారు. ఈ పిల్ల బోసినోటితో నవ్వింది. రెండు కాళ్లూ జాడించి నా కడుపులో స్ప్రింగును ఎగరేసింది. అంతే, ఆ పిల్ల అంటే నాకు పిచ్చి పట్టింది.

గోడ మీద ఒక పెద్ద బొమ్మ ఉండేది. పిల్ల వయసూ బరువూ చూసి చుక్క పెడితే, బాగుంటే ఆకుపచ్చ పట్టీలో, తగ్గితే పసుపులో, మరీ తగ్గితే ఎరుపులో పడుతుంది. హన్విక చుక్క ఆకుపచ్చలో పడింది. లింబవ్వ కొంగు విసురుగా భుజం మీద వేసుకుని, "చూసిన్రా?" అని గది మొత్తాన్నీ ఒకసారి కలియజూసింది.

తరువాతి నెల నుంచి అసలు కథ మొదలైంది. లింబవ్వకు పెళ్లినాటి వెండి వడ్డాణం ఒకటి ఉండేది. ఎంత కష్టం వచ్చినా దాన్ని అమ్మని మనిషి, మనవరాలి కోసం దాన్ని కొంచెం కొంచెంగా కరిగించసాగింది. పిల్ల కూర్చుంటే ఒక నగ, పన్ను వస్తే ఒక నగ. ఒక నెల చేతులకు మురుగులు, ఇంకో నెల మొలతాడుకు మువ్వల గుత్తి, మరో నెల మెడకు కంటె. అదంతా ప్రేమే, అందులో ఒక్క గురిగింజ ఎత్తు కూడా కల్తీ లేదు. ఆ ప్రేమతో నెలనెలా నా ముల్లు కొంచెం కొంచెం పైకి జరిగేది. సుగుణ టీచర్ సంతోషపడి చుక్క పెట్టేది. గోడ మీద చుక్కలు చక్కగా మెట్లెక్కుతున్నాయి.

నాకు మాత్రం లోపల కలుక్కుమంటోంది. నేను చూసేది బరువే, కానీ బరువులన్నీ ఒకటి కావు. పిల్ల బరువు తన్నుతుంది, మెలికలు తిరుగుతుంది, జోలెను వెచ్చబరుస్తుంది. వెండి బరువు చల్లగా, బుద్ధిగా కూర్చుంటుంది. హన్విక జోలెలో తన్నే బరువు నెలనెలా తగ్గుతోంది, బుద్ధిగా కూర్చునే బరువు పెరుగుతోంది. రెండూ కలిపి నేను ఒకే అంకె చూపించాలి. ఉన్నది ఒక్క ముల్లు, దానికి మాటలు రావు. ఎంత కోపం వచ్చేదో చెప్పలేను.

ఆ ఇంట్లో ఏం జరుగుతోందో నా కింద భోజనానికి కూర్చునే ఆడవాళ్ల కబుర్లలో తెలిసేది. జమున తెల్లవారి నుంచి చాట ముందే కూర్చుంటుంది. అందరూ తిన్నాక, మిగిలితే తింటుంది. పాలు చాలక పిల్ల ఏడిస్తే చాయ్‌లో బిస్కట్ ముంచి నోట్లో పెడతారు, పిల్ల ఊరుకుంటుంది. అంగన్‌వాడీ నుంచి పిల్లకని ఇంటికి పంపిన బాలామృతం పొడిని లింబవ్వ పెనిమిటి రాజలింగం తాత పాలలో కలుపుకుని లొట్టలేస్తూ తాగుతాడు. ఇవి చెప్పుకుని ఆడవాళ్లు కిసకిస నవ్వేవాళ్లు. నవ్వినవాళ్ల ఇళ్లలోనూ ఇంచుమించు ఇదే బాగోతం.

శివరాత్రి దగ్గరపడ్డ రోజుల్లో ఒక తూకం రోజు వచ్చింది. గది కిటకిటలాడుతోంది. కళావతి ఆయమ్మ పొయ్యి మీంచి దించిన పప్పు గిన్నె ఒక మూలన పొగలు కక్కుతోంది. హన్విక ఘల్లుఘల్లుమంటూ వచ్చింది. ఆ రోజు జమునా వెంట ఉంది, అత్తగారి వెనక, ఒక అడుగు దూరంలో. పిల్లను జోలెలో పెట్టి ఆయమ్మ చేతులు తీసిందో లేదో, బడి పిల్లలు నలుగురైదుగురు ఇది ఉయ్యాల అనుకుని వెనక నుంచి ఒక్క తోపు తోశారు.

ఆహా! అలాంటి ఊగుడు నా జన్మలో ఊగలేదు. ఈ గోడ నుంచి ఆ గోడకు! దూలం కిర్రుమంది, లింబవ్వ కెవ్వుమంది. హన్వికకు నవ్వొచ్చింది. చాలా రోజుల తరువాత ఆ పిల్ల కాళ్లు జాడించింది. ఎడమ కాలి కడియం ఊడి, గాలిలో మువ్వలు మోగించుకుంటూ వెళ్లి పప్పు గిన్నెలో దబ్బున పడింది. గది అంతా గొల్లుమంది. నవ్వు ఆగకముందే రెండో కడియం జారి ఆయమ్మ పాదాల మీద పడింది. ఒక మురుగు జారి నేల మీద దొర్లుకుంటూ గడప దాకా పోయింది. ఒక్కొక్కటీ ఊడినప్పుడల్లా నా ముల్లు ఒక్కో మెట్టు కిందికి దూకింది. ఆ గంతులు నేను దాచలేదు సరికదా, కావాలనే నాలుగు గంతులు ఎక్కువ వేశాను.

ఆయమ్మ పప్పులోంచి కడియం గరిటెతో తీస్తూ, "అవ్వా, కాలు జాడిస్తె ఊడిపొయ్యే కడియం ఎట్ల చేయించినవే?" అంది.

"నేను జేయిస్తినా? ఆ కంసాలోడు వదులు జేసిండు! వాని సంగతి జెప్త ఉండు..." లింబవ్వ గొంతు లేచింది.

అప్పుడు జమున మాట్లాడింది. నేను ఆమె గొంతు వినడం అదే మొదటిసారి.

"కంసాలాయన తప్పు లేదు అత్తా. దసరాకు ఇవే కడియాలు ఎక్కకపోతె సబ్బు రాసి ఎక్కిచ్చినం."

నవ్వులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. సబ్బు రాస్తే గానీ ఎక్కని కడియం ఇప్పుడు తంతే ఊడిపోయింది. ఆ కాలు ఏమైపోయినట్టు? గదిలో ఉన్న ప్రతి తల్లీ ఆ లెక్క మనసులో కట్టేసింది. పలకా బలపం అక్కర్లేని లెక్క అది. సుగుణ టీచర్ జోలెను రెండు చేతులతో పట్టుకుని ఆపింది.

"అవ్వా, మిగిలినయి గూడ తీద్దామా?"

వాటిని ఇంకెవరైనా ముట్టుకుంటే లింబవ్వ ఊరుకునే మనిషి కాదు. అందరూ ఆమె వైపే చూశారు. లింబవ్వ తనే ముందుకు వచ్చింది. కంటె తీసింది, ముల్లు దిగింది. మొలతాడు విప్పింది, ముల్లు దిగింది. రావిరేక, మువ్వల గుత్తి, మిగిలిన మురుగు, తాయెత్తు. చివరికి నడుముకు నల్లదారం ఒక్కటే మిగిలింది. ముల్లు ఆగిన చోటు చూసి టీచర్ గోడ మీద చుక్క పెట్టింది. ఎరుపులో పడింది.

"ఇంకోపారి జూడు టీచరమ్మా," అంది లింబవ్వ. "కాంటా ఖరాబైంది గావచ్చు."

పిల్లను దించి, టీచర్ జోలెలో కిలో ఉప్పు ప్యాకెట్ పెట్టింది. నా ముల్లు కిలో దగ్గర నిలబడింది. ఆ ఒక్కసారికి తప్పు చూపించినా బాగుండేదనిపించింది నాకు. లింబవ్వ నేల మీద కూలబడి, ఒళ్లోని వెండి కుప్పను చూసుకుంది.

"ఇన్ని దినాలు నేను సాదింది వెండినా?" అంది. ఆ గొంతు గల్లీ చివరికి కాదు, గడప దాకా కూడా పోలేదు.

సుగుణ టీచర్ ఆమె పక్కనే కూర్చుంది. "షరతుకు ఒప్పుకున్నది నేనే గదా అవ్వా. ఇద్దరం కలిసే సరిజేద్దాం," అంది. నర్సమ్మను పిలిపించారు. ఆమె పిల్లను అటూ ఇటూ తిప్పి చూసింది, జబ్బ లావు కొలిచే రంగుల టేపు చుట్టి చూసింది, అదీ ఎరుపే. గుడ్డు మెత్తగా మెదిపి పెడితే పిల్ల ఆమె చేయి కొరికినంత పని చేసింది. "జ్వరం లేదు, ఆకలున్నది, ఇదే మన అదృష్టం," అంది నర్సమ్మ. "రోజూ ఈడికే తేవాలె. కొంచెం కొంచెం, మాటిమాటికి పెట్టాలె. వారం వారం తూకం. పెరగకపోతె ఆసుపత్రిల ఉంచాలె. తల్లి గూడ రోజు ఈడనే తినాలె."

ఇల్లు, పొయ్యి, నలుగురూ ఏమనుకుంటారో అన్న పాట మళ్లీ మొదలవుతుందేమోనని నా స్ప్రింగు బిగుసుకుంది. లింబవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుని లేచింది. ఒక విస్తరి తెచ్చి నేల మీద వేసి, జమునను భుజాలు పట్టి కూర్చోబెట్టింది.

"తిను," అంది. "గుడ్డు సగం ఇడిసిపెట్టినవనుకో, ఇగ నా సంగతి ఎరుకే గదా."

మర్నాటి నుంచి ఆ ఊళ్లో ఎవరికీ మనశ్శాంతి లేకుండా పోయింది. లింబవ్వ ఏదైనా మొదలుపెడితే సగం చేసే మనిషి కాదు. మధ్యాహ్నం కోడలు తింటున్నంతసేపూ ఆమె చాట తన ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. ఎప్పుడో మానేసిన పని, చుట్టినవి వంకరటింకరగా వచ్చేవి. వాటిని ఎవరైనా వెక్కిరిస్తే ఒప్పుకునేది కాదు. ఒక కన్ను బీడీ మీద, ఒక కన్ను జమున విస్తరి మీద. బాలామృతం డబ్బా మూత చప్పుడైతే చాలు ఎక్కడున్నా పరుగెత్తేది. "ఓ ముసలోడా, నీకిప్పుడు పాలపండ్లు వస్తున్నయా?" అని ఆమె అరిచిన అరుపుకు రాజలింగం తాత చేతిలోని గ్లాసు జారిపడిందని ఊరంతా చెప్పుకున్నారు. గల్లీలో ఏ పసిపిల్ల చేతిలో చాయ్‌లో ముంచిన బిస్కట్ కనిపించినా లాక్కుని తనే తినేసేది. ఆ చలికాలం చివర్లో పెరిగింది ముందుగా లింబవ్వే.

హన్విక అంత తొందరపడలేదు. మొదటి వారం ముల్లు కదల్లేదు. రెండో వారం కదిలిందా లేదా అని టీచర్ కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూసింది. తూకం వేసే వేళకు లింబవ్వ గోడ వైపు తిరిగి నిలబడేది. వెండిని మూటగట్టి, దాని మహిమ పిల్లకు తగలాలని ఆ మూటను చేయి వెనక్కి చాచి సరిగ్గా నా కింద పట్టుకునేది. "జూసినవా? చెప్పకు. జూసినవా?" అని గోడను అడిగేది. ఆ రోజుల్లో నాకూ భయమే. ఈ పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్తారేమో, మళ్లీ నా జోలెలోకి రాదేమోనని.

ఒక వారం జోలెలో కూర్చున్న హన్విక నా ముఖంలోకి చూసి, రెండు కాళ్లూ ఎత్తి, నా స్ప్రింగు అదిరేలా ఒక్క తాపు తన్నింది. వెండి లేదు, చల్లదనం లేదు. అంతా తన్నే బరువే! ముల్లు అటూ ఇటూ ఎగిరింది, ఎంతకీ నిలబడదే. నిలబడమంటే ఎలా నిలబడను? నాకు నవ్వు ఆగందే! నవ్వు ఆగాక చూస్తే ముల్లు కాస్త పైన ఆగింది. తరువాత ఇంకాస్త. ఎరుపు దాటి పసుపు, పసుపులో కొన్నాళ్లు కుంటి నడక, మధ్యలో ఒకసారి విరేచనాలు పట్టుకుని వెనక్కి, మళ్లీ ముందుకు. జమున బుగ్గలు కూడా నిండాయి. ఆమె ఇప్పుడు మిగతా ఆడవాళ్లతో కలిసి నవ్వుతోంది, అత్తగారి వంకర బీడీలను అందరికంటే ముందు ఆమే వెక్కిరిస్తోంది.

వానలు పడుతున్న ఒక తూకం రోజున లింబవ్వ మూట విప్పి, ఒక కడియం తీసి పిల్ల కాలికి తొడగబోయింది. అది ఎక్కలేదు. ఇంకోసారి నెట్టింది, ఎక్కలేదు. ఒక్క క్షణం కడియాన్నీ, కాలినీ మార్చి మార్చి చూసింది.

"సబ్బు తేండ్రే!" అని అరిచింది. ఆ అరుపుకు నేను నిజంగానే ఒక చుట్టు తిరిగాను. ఆయమ్మ గిన్నెలు తోమే సబ్బు పట్టుకుని పరుగెత్తింది. నురగ వచ్చేదాకా రాశారు. ఎక్కలేదు. లింబవ్వ కడియాన్ని తలపైకి ఎత్తిపట్టి, "ఎక్కుత లేదు! మల్ల కంసాలోని దగ్గరికి పోవాలె!" అని గది మధ్యలో గిరగిరా తిరిగింది. ఎవరో నవ్వారు, ఎవరో ఏడ్చారు, జమున రెండూ చేసింది.

ఆ గోలలోనే పిల్లను నా జోలెలో పెట్టారు. ఒంటి మీద నల్లదారం తప్ప ఏమీ లేదు. ఈసారి లింబవ్వ గోడ వైపు తిరగలేదు. నా ముల్లు లేచి, ఊగి, నిలబడింది. ఎక్కడో తెలుసా? శివరాత్రికి ముందు నెల ఒంటినిండా వెండితో ఏ అంకె దగ్గర నిలబడిందో, సరిగ్గా ఆ అంకె దగ్గర. సుగుణ టీచర్ నోరు తెరిచింది. ఆ అంకె బయటకు రాకముందే లింబవ్వ అరచేయి ఆమె నోటి మీద పడింది.

"చెప్పకు! దిష్టి తాకుతది!"

అంతటితో ఊరుకుందా? అంకె నా ముఖం మీద అందరికీ కనబడుతూనే ఉంది కదా. లింబవ్వ నా వైపు చూసింది. పిల్ల బుగ్గ మీది కాటుకను వేలితో అద్ది, మునివేళ్ల మీద లేచి, నా ముఖం మీద సరిగ్గా ఆ అంకె పైన ఒక లావుపాటి చుక్క పెట్టింది. పెట్టి, రెండు చేతుల వేళ్లూ తన కణతలకు ఆనించి మెటికలు విరిచింది. ఇన్నాళ్లూ నావల్ల దిష్టి తగులుతుందని భయపడ్డ మనిషి నాకు దిష్టి తీసింది! నేను కాంటాను కాబట్టి సరిపోయింది, మనిషినైతే ఆ రోజు ఏడ్చేసేదాన్ని.

తరువాత మామూలే. హన్విక జోలెలో పట్టనంత పెద్దదై బడికి వెళ్లింది. అంకెలు వెలిగే కొత్త మిషన్ ఒకటి వచ్చింది. నన్ను దించిన కొక్కేనికి చివరికి ఫ్యాన్ కూడా వచ్చింది. నేను పక్కనే పాత సామాన్ల గదిలో కాలు విరిగిన కుర్చీకీ విజిల్ పోయిన కుక్కరుకూ తోడుగా మేకుకు వేలాడుతున్నాను. కిటికీలోంచి గాలి వస్తే ఇప్పటికీ తిరుగుతాను. సరదా ఎక్కడికి పోతుంది?

మొన్న పాత సామాను లెక్క రాసుకుపోవడానికి ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. నన్ను చేతిలోకి తీసుకుని, ముఖం మీది మరకను బొటనవేలితో తుడవబోయాడు. గుమ్మంలోంచి కళావతి ఆయమ్మ కేక పెట్టింది. "అది తుడవకుండ్రి సారూ, లింబవ్వ ఊకోదు!" ఆయన భయపడి నన్ను మళ్లీ మేకుకే తగిలించి వెళ్లిపోయాడు. అవును మరి, లింబవ్వ ఇప్పటికీ ఈ దారిన వెళ్తే లోపలికి వచ్చి చుక్క చెరిగిందేమోనని చూసి, కొత్త కాటుక అద్ది వెళ్తుంది.

చుట్టూ ఉన్న ఇనుమంతా తుప్పు పట్టింది. నాకు పట్టలేదు. ఆ చుక్క కింద ఒక అంకె ఉంది. ఎంత అని మాత్రం అడగకండి. దిష్టి తాకుతుంది.